పర్లాకిమిడి హోల్‌సేల్ కొట్టు: మూడు కంప్యూటర్లు, ఒక ప్యాచ్ మీద నింద

2018లో కనుమ వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది. "ఏటి బాబూ ఇది? నువ్వు వేసిన అప్‌డేట్‌తో మా కొట్టు ఆగిపోయింది. గుమస్తా తల పట్టుకుని కూర్చున్నాడు. జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన ఇరవయ్యో తారీకు నెత్తి మీదకొచ్చేసింది." మాట్లాడింది పర్లాకిమిడి బజార్లో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే షావుకారు గారు. ఆయన కొట్లో కంప్యూటర్ల బాగోగులు ఏడాది కాంట్రాక్టు మీద నేనే చూసేవాణ్ని. పండక్కి ముందు శుక్రవారం రాత్రి కొట్టు కట్టేశాక మూడు మెషిన్లకూ అప్‌డేట్లు పెట్టి వెళ్లింది నేనే. కాబట్టి నా మీద నింద పడటం న్యాయమే.

"ప్రాసెసర్ ప్యాచ్ వేస్తే సిస్టమ్ స్లో అయిపోతుంది" అన్న మాట ఆ నెల నుంచి మా వైపు సర్వీసు చేసే కుర్రాళ్లందరి నోటా స్థిరపడిపోయింది. (ప్యాచ్ అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్.) ఇప్పటికీ కొందరు ఏ కొట్టుకు వెళ్లినా మొదట చేసే పని అప్‌డేట్లు ఆపేయడమే. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఏ మెషిన్‌లో ఉంది, ఎంత ఉంది అనేది ఎవరూ కొలవరు. ఆ కొట్లో కూర్చుని నేను కొలిచాను. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి వరకు రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. బోర్డులు ఒడియాలో ఉన్నా బజార్లో బేరం సగం తెలుగులోనే నడుస్తుంది. షావుకారు గారి సరుకు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వస్తుంది. అమ్మకం కాశీనగరం, మోహనా, ఆర్.ఉదయగిరి దాకా పోతుంది, కొంత తిరిగి పాతపట్నం వైపే వెళ్తుంది. అంటే ప్రతి రెండో బిల్లు రాష్ట్రం దాటే బిల్లు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రం దాటే సరుకుకు పడే ఐజీఎస్టీ ఎక్కడ వేయాలో, దాటని సరుకుకు పడే సీజీఎస్టీ ఎక్కడ వేయాలో తప్పు పోతే ఆ నెల రిటర్న్ మొత్తం తిరగరాయాలి. అందుకని అక్కడ కంప్యూటర్ అరగంట ఆగితే టెన్షన్ అంతా ఇంతా కాదు.

మెషిన్లు మూడు. మొదటిది గుమస్తా గారి గదిలో ఉండేది. అందరూ దాన్ని సర్వర్ అనేవారు గానీ మామూలు డెస్క్‌టాపే. రెండో తరం కోర్ ఐ5, 4 జీబీ ర్యామ్, పాత 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7 64 బిట్. లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రామ్ డేటా అంతా అందులో ఉంది, మిగతా రెండూ లాన్ (కొట్లో మెషిన్లను కలిపే నెట్‌వర్క్) మీద అక్కడి నుంచే చదువుతాయి. గుమస్తా గారు నెట్ బ్యాంకింగ్ కూడా దాని మీదే చేస్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది. రెండోది కౌంటర్ మీద బిల్లులు కొట్టే కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7 32 బిట్. మూడోది షావుకారు గారి అబ్బాయి వాడే బ్రాండెడ్ డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ5, విండోస్ 10, జీఎస్టీ పోర్టల్, మెయిల్ అన్నీ దాని మీదే.

ఫిర్యాదులు కూడా మూడు. సర్వర్‌లో స్టాక్ సమ్మరీ, అంటే సరుకు నిల్వల పట్టిక, తెరిస్తే రెండు నిమిషాలు దాటినా రావట్లేదు. కౌంటర్‌లో బిల్లు ప్రింట్ కొట్టేటప్పుడు హ్యాంగ్ అవుతోంది. అబ్బాయి మెషిన్ దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది, రోజుకు రెండు మూడు సార్లు. కొట్లో అందరి తీర్పూ ఒకటే, అప్‌డేటే చేసింది. కౌంటర్ మీద కూర్చునే ఒడియా కుర్రాడైతే నన్ను చూడగానే, "భాయినా, ఫార్మాట్ కొట్టేయండి, పాతదే బాగుంది" అన్నాడు.

ఇంతకీ ఆ ప్యాచ్ ఏమిటి? 2018 జనవరి 3న ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే రెండు భద్రతా లోపాలు బయటికొచ్చాయి. వాటిని పూడ్చడానికి వచ్చిందే ఆ ప్యాచ్. గూగుల్ భద్రతా పరిశోధన బృందం ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే యాన్ హార్న్, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు, ఇంకొందరు పరిశోధకులు విడివిడిగా వీటిని పట్టుకున్నారు. కంపెనీలకు 2017 జూన్ నుంచే తెలుసు. జనవరి 9న అందరూ కలిసి ప్రకటించాలనుకున్నారు, విషయం ముందే పొక్కడంతో ఆరు రోజులు ముందుకు జరిగింది. ఆ తొందర ప్రభావం తర్వాత వచ్చిన ప్యాచ్‌ల మీద కనిపించిందని నా అభిప్రాయం.

షావుకారు గారికి ఇదంతా ఆయన కొట్టు మీదే చెప్పాను. "మీ కాటా దగ్గర కుర్రాడు ఉన్నాడు కదండీ. కాశీనగరం పాత ఖాతాదారు వీధి మలుపులో కనిపించగానే, ఆయన నోరు తెరవకముందే కందిపప్పు బస్తా మూతి విప్పి తూచడం మొదలెడతాడు. ఆయన కందిపప్పే అడిగితే టైము కలిసొచ్చింది. వద్దంటే తూచింది మళ్లీ బస్తాలో పోసేస్తాడు, బిల్లులో ఏమీ పడదు. ప్రాసెసర్ కూడా అంతే. తర్వాత ఏ పని వస్తుందో ఊహించి ముందే చేసేస్తుంది, ఊహ తప్పితే ఆ లెక్క చెరిపేస్తుంది. కానీ విప్పిన బస్తా మూతి విప్పినట్టే ఉంటుంది కదా. పక్కన నిలబడి చూసేవాడికి ఆ ఖాతాదారు ఏం కొంటాడో తెలిసిపోతుంది."

ఆయన వెంటనే అందుకున్నారు. "మరి ఎదర కొట్టువాడు చూస్తే?"

అదే అసలు ప్రమాదం. ప్రాసెసర్‌లో ఆ విప్పిన బస్తా పేరు కాష్ మెమరీ. ఒకసారి తెచ్చి దగ్గర పెట్టుకున్న సమాచారం మళ్లీ అడిగితే చటుక్కున వస్తుంది, తేనిది ఆలస్యంగా వస్తుంది. దొంగ ప్రోగ్రామ్ ఆ ఆలస్యాన్ని కొలిచి లోపల ఏముందో రాబడుతుంది. మెల్ట్‌డౌన్‌లో ఇంకా ఘోరం, తాళం వేసిన బీరువాలోంచి కూడా, అనుమతి ఉందో లేదో తేలేలోపే ప్రాసెసర్ తీసి చూసేస్తుంది. బీరువా అంటే కెర్నల్ మెమరీ, విండోస్‌కు గుండె లాంటి భాగం తన కోసం ఉంచుకున్న చోటు. పాస్‌వర్డ్‌లు, ఇతర ప్రోగ్రాముల సమాచారం అన్నీ అందులోంచి చేతికి అందుతాయి.

దీనికి కెర్నల్‌ను ప్రోగ్రాముల కంటికి కనబడకుండా పూర్తిగా వేరు చేయడమే మందు. అంతకుముందు ఖాతా పుస్తకాలున్న బీరువా గల్లాపెట్టె పక్కనే ఉండేది, తాళం మాత్రం వేసి ఉండేది. ప్యాచ్ ఆ బీరువాను లోపలి గదిలోకి మార్చేసింది. ఇప్పుడు ప్రోగ్రామ్ ఫైల్ తెరవాలన్నా, రెండు అక్షరాలు డిస్క్ మీద రాయాలన్నా, లాన్ మీద పంపాలన్నా, ప్రతిసారీ ఆ గది తలుపు తీయాలి, పని చేసుకోవాలి, మళ్లీ మూయాలి. పైగా తలుపు మూసిన ప్రతిసారీ ఏ వస్తువు ఏ అరలో ఉందో మర్చిపోయి మొదటి నుంచి వెతుక్కోవాలి. ప్రాసెసర్‌లో ఆ అరల జ్ఞాపకాన్ని టీఎల్‌బీ అంటారు. మర్చిపోకుండా ఉండేందుకు పీసీఐడీ అనే సౌకర్యం ఉంది. దాన్ని సులువుగా నడిపే ఆదేశం మాత్రం నాలుగో తరం, అంటే హాస్వెల్ నుంచే వచ్చింది. మన సర్వర్ రెండో తరం.

ఈ తేడా ముఖ్యం. జనవరి 9న మైక్రోసాఫ్ట్ తానే ఒక వివరణ ఇచ్చింది. 2016 నాటి కొత్త ప్రాసెసర్ల మీద విండోస్ 10లో తగ్గుదల పది శాతం లోపే, చాలామందికి తెలియదు. 2015 నాటి, హాస్వెల్ లేదా అంతకంటే పాత ప్రాసెసర్ల మీద విండోస్ 10లో కొందరికి తెలుస్తుంది. అవే పాత ప్రాసెసర్ల మీద విండోస్ 7, 8 నడుస్తుంటే ఎక్కువమందికి తెలుస్తుంది. కాగితం మీద చూస్తే మా సర్వర్ అన్నిటికంటే చెడ్డ వరసలో ఉంది. పైగా ట్యాలీ చేసేదంతా చిన్న చిన్న ఫైల్ పనులే. తలుపు వేలసార్లు తీసి మూసే రకం. వీడియో చూసేవాడికి ఈ ప్యాచ్ ఏమీ అనిపించదు, లెక్కలు రాసేవాడికి అనిపిస్తుంది. కాబట్టి షావుకారు గారి అనుమానాన్ని కొట్టిపారేయడానికి నాకు ఏ ఆధారమూ లేదు.

ముందు కౌంటర్ మెషిన్ చూశాను. స్టీవ్ గిబ్సన్ అనే ఆయన ఆ జనవరిలోనే ఇన్‌స్పెక్టర్ అనే చిన్న ఉచిత టూల్ విడుదల చేశారు. మెషిన్‌కు మెల్ట్‌డౌన్ రక్షణ ఉందా, స్పెక్టర్ రక్షణ ఉందా, దానివల్ల వేగం మీద ప్రభావం ఎలా ఉంటుంది అని మూడు ముక్కల్లో చెబుతుంది. కౌంటర్ మీద దాన్ని నడిపితే రెండు రక్షణలూ లేవని వచ్చింది. ముందు టూల్ మీదే అనుమానపడ్డాను. అప్‌డేట్ చరిత్రలో చూస్తే జనవరి అప్‌డేట్ పడింది. మరి రక్షణ ఏది?

జవాబు 32 బిట్ అన్న మాటలో ఉంది. జనవరి అప్‌డేట్‌లో మెల్ట్‌డౌన్ రక్షణ 64 బిట్ విండోస్ 7కే ఉంది. 32 బిట్‌కు అది మార్చిలో గానీ రాలేదు. స్పెక్టర్‌లో రెండు రకాలున్నాయి, రెండో రకానికి ప్రాసెసర్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సొంత ఆదేశాలు) కూడా మారాలి, ఆ కోర్ 2 డ్యుయోకు మైక్రోకోడ్ లేనే లేదు. ఇవ్వబోమని ఇంటెల్ ఏప్రిల్‌లో ప్రకటించిన జాబితాలో ఆ తరం ఉంది. అంటే ప్రాసెసర్ ప్యాచ్ వల్ల హ్యాంగ్ అవుతోందని అందరూ చెబుతున్న మెషిన్‌లో ప్రాసెసర్ ప్యాచ్ అన్నదే లేదు. ఆ కుర్రాడికి స్క్రీన్ చూపించాను. నమ్మలేదు. అప్‌డేట్ వేసిన మర్నాటి నుంచే కదా మొదలైంది అన్నాడు. నిజమే, వాడి కళ్లతో చూస్తే అలాగే కనిపిస్తుంది.

ఆ తర్వాత సర్వర్ దగ్గర కూర్చున్నాను. గుమస్తా గారిని స్టాక్ సమ్మరీ తెరవమని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మొదటిసారి రెండు నిమిషాల పైన. మళ్లీ తెరిస్తే యాభై సెకన్లు. మూడోసారి నిమిషంన్నర. నాలుగోసారి మళ్లీ యాభై. ఆ అంకెలు చూసినప్పుడే నాకు దారి కనిపించింది. ప్యాచ్ భారం పన్ను లాంటిది, అదే పని చేస్తే ప్రతిసారీ దాదాపు అంతే పడుతుంది. ఒకసారి యాభై, ఒకసారి నూట ముప్పై అని ఊగేది ప్యాచ్ కాదు.

పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి రెండు గీతలు చూశాను. సమ్మరీ ఇరుక్కున్న సమయంలో ప్రాసెసర్ ఖాళీగానే ఉంది. డిస్క్ క్యూ, అంటే డిస్క్ కోసం ఎదురుచూసే పనుల వరస, మాత్రం పేరుకుపోయింది. తర్వాత హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు చదివితే పెండింగ్ సెక్టార్లు కనిపించాయి. అంటే డిస్క్ కొన్ని చోట్ల చదవలేక పదే పదే ప్రయత్నిస్తోంది. చదవగలిగితే యాభై సెకన్లు, చదవలేక మొరాయిస్తే రెండు నిమిషాలు. కౌంటర్ హ్యాంగ్ కూడా దీని ఫలమే, దాని డేటా ఇక్కడి నుంచే వెళ్తోంది మరి. దానికి తోడు యాంటీవైరస్ ట్యాలీ ఫోల్డర్‌లో ప్రతి ఫైలునూ తెరిచినప్పుడల్లా పరీక్షిస్తోంది.

మరి అప్‌డేట్ మర్నాటి నుంచే ఎందుకు మొదలైంది? నాకు తోచిన కారణం ఇది. అప్‌డేట్ రాత్రి డిస్క్ గంటల తరబడి రాసింది, చదివింది. అప్పటిదాకా ఎవరూ ముట్టని చోట్లను ముట్టింది. అప్పటికే చెడిపోతూ ఉన్న డిస్క్ ఆ రాత్రితో బయటపడింది. అప్‌డేట్ వేయకముందు నేను డిస్క్ ఆరోగ్యం చూసి ఉండాల్సింది. చూడలేదు. అది నా లోపమేనని షావుకారు గారికి ఆ రోజే చెప్పాను.

ఇరవయ్యో తారీకు ఆగదు. ట్యాలీ డేటాను నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి గుమస్తా గారి ముందు పెట్టాను, రిటర్న్ దాని మీదే పూర్తి చేశారు. ఆ లోపు బరంపురం నుంచి బస్సు పార్సిల్‌లో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) తెప్పించి, ఆదివారం కొట్టు మూసి ఉండగా పాత డిస్క్‌ను దాంట్లోకి క్లోన్ చేశాను. రెండు ఫైళ్లు చదవలేకపోయింది, అదృష్టం కొద్దీ రెండూ పాత ఫొటోలే.

ఇప్పుడు అసలు కొలత. డిస్క్ దోషం పోయింది కాబట్టి ప్యాచ్ బరువు ఒక్కటే విడిగా చూడొచ్చు. ఇన్‌స్పెక్టర్‌లోనే రక్షణను ఆపే బటన్, పెట్టే బటన్ ఉన్నాయి. అది చేసేదల్లా విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మెమరీ మేనేజ్‌మెంట్ కింద ఫీచర్‌సెట్టింగ్స్‌ఓవర్‌రైడ్ అనే విలువ మార్చడమే. మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్ చేశాను. మొదటి కొలత పక్కన పెట్టి, తర్వాత మూడు రాసుకున్నాను. రక్షణ ఉంటే స్టాక్ సమ్మరీకి 19 సెకన్లు. లేకపోతే 17. మూడేసి సార్లూ అటూఇటూగా అవే.

రెండు సెకన్లు. ఆ ఒక్క మెషిన్‌లో, ఆ ఒక్క పనికి, దాదాపు తొమ్మిదో వంతు. చిన్నదేమీ కాదు. రోజుకు వందసార్లు ఏదో ఒక రిపోర్ట్ తెరిచే మనిషికి చేతికి తెలుస్తుంది. ప్యాచ్ వల్ల ఏమీ తగ్గదని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ కొట్టును ఆపిన రెండు నిమిషాల్లో ప్యాచ్ వాటా రెండు సెకన్లే.

గుమస్తా గారు ఆ రెండు సెకన్లనూ వదల్లేదు. "బాబూ, ఈ మెషిన్ బయటకు వెళ్లదు కదా, లోపలే ఉంటుంది. దీనికి రక్షణ ఎందుకు? తీసేయరాదా?" న్యాయమైన ప్రశ్న. నిజంగా లోపలే ఉండే మెషిన్ అయితే, దాని మీద నమ్మిన ప్రోగ్రాములు తప్ప ఇంకేవీ నడవకపోతే, నేనూ ఆలోచించేవాణ్ని. మెల్ట్‌డౌన్ దొంగకు ముందు ఆ మెషిన్ మీద తన కోడ్ నడిపే అవకాశం దొరకాలి. అలాంటి అవకాశం మూసేసిన చోట ప్రమాదం చాలా తక్కువ. కానీ అదే మెషిన్ మీద బ్రౌజర్ తెరుస్తున్నారు, బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నారు. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఎవరో రాసిన జావాస్క్రిప్ట్ మన ప్రాసెసర్ మీద నడుస్తుంది. స్పెక్టర్‌ను జావాస్క్రిప్ట్‌తోనే చేసి చూపించారు. అందుకే ఫైర్‌ఫాక్స్ జనవరి 4నే 57.0.4 వెర్షన్ వదిలి, పేజీలు టైము కొలిచే ఖచ్చితత్వాన్ని తగ్గించింది. "నెట్ బ్యాంకింగ్ వేరే మెషిన్‌కు మార్చుకుంటే అప్పుడు మాట్లాడదామండీ" అన్నాను. ఆయన మార్చలేదు. రక్షణ అలాగే ఉంచాను.

ఇందులో నా పట్టుదలకు ఇంకో కారణం ఉంది. 2017 మే 12న వానాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, దేశదేశాల్లో కంప్యూటర్లను పట్టింది. దానికి మందు మార్చి 14నే విడుదలైంది. మా పక్క ఊళ్లో ఒక రైసు మిల్లు మెషిన్‌కు ఆ మందు అందలేదు. నెట్ ఖర్చవుతోందని మిల్లు వాళ్లు అడిగితే, అప్‌డేట్లు ఆపింది నేనే. ఫైళ్లన్నీ తాళం పడిపోయాయి. మిల్లు గుమస్తా గారు పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని రెండు నెలలు కూర్చుని లెక్కలు మళ్లీ ఎక్కించారు. వెళ్లినప్పుడల్లా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మూడో మెషిన్ కథ వేరు. అక్కడ మాత్రం కొట్లో వాళ్ల అనుమానం సరైనదే.

అది రీస్టార్ట్ అవుతుంటే ముందు యూపీఎస్ మార్చాను. మా వైపు వోల్టేజీ సంగతి తెలిసిన ఎవరైనా ముందు అదే చేస్తారు. తగ్గలేదు. ర్యామ్ తుడిచి పెట్టాను, రాత్రంతా పరీక్ష నడిపాను, దోషం లేదు. అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం రాత్రి ఆ మెషిన్‌కు విండోస్ అప్‌డేట్‌తో పాటు, దాని తయారీదారు సైట్‌లో కొత్తగా పెట్టిన బయోస్ (మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) కూడా వేశాను. అందులో స్పెక్టర్ రెండో రకాన్ని ఆపే కొత్త మైక్రోకోడ్ ఉంది. విండోస్ ప్యాచ్ ఒక్కటే ఉన్నంతకాలం ఆ రకం రక్షణ నిద్రపోతూ ఉంటుంది, మైక్రోకోడ్ రాగానే మేలుకుంటుంది. మేలుకున్న రోజు నుంచే ఈ రీస్టార్ట్‌లు.

హాస్వెల్, దాని తర్వాతి తరం బ్రాడ్‌వెల్ ప్రాసెసర్లలో కొత్త మైక్రోకోడ్ తర్వాత రీస్టార్ట్‌లు ఎక్కువవుతున్నాయని ఇంటెల్ జనవరి 11నే ఒప్పుకుంది. నేను బయోస్ వేసింది 12న. ఒక్క రోజు ఆగి చదివి ఉంటే వేసేవాణ్ని కాదు. 17న ఇంకా కొన్ని తరాల్లోనూ ఇదే ఉందని చెప్పింది. 22న ఆ మైక్రోకోడ్‌ను ఇక ఎవరూ వేయొద్దని అందరికీ సూచించింది. తయారీదారు కూడా సైట్‌లోంచి ఆ బయోస్ తీసేశాడు. వెనక్కి పాత బయోస్ వేద్దామంటే ఆ మోడల్ పాత వెర్షన్‌ను ఒప్పుకోలేదు.

జనవరి నెలాఖరులో మైక్రోసాఫ్ట్ కేబీ4078130 అనే ప్రత్యేక అప్‌డేట్ ఇచ్చింది. అది మామూలుగా దానంతట అదే రాదు, అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి మనమే దించుకోవాలి. అది చేసే పని ఒక్కటే, స్పెక్టర్ రెండో రకం రక్షణను ఆపేయడం. మెల్ట్‌డౌన్ రక్షణ, స్పెక్టర్ మొదటి రకం రక్షణ ముట్టదు. సోమవారం పొద్దున్న వేశాను. ఆ సాయంత్రం దాకా, మర్నాడు, ఆ వారం అంతా ఒక్క రీస్టార్ట్ లేదు.

ఇక్కడ చాలామంది సర్వీసు వాళ్లు చేసిన పొరపాటు ఒకటుంది. ఆ అప్‌డేట్ రిజిస్ట్రీలో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోతుంది. ఫిబ్రవరి చివర్లో ఇంటెల్ సరిచేసిన మైక్రోకోడ్ వచ్చింది, మార్చిలో మా మెషిన్‌కు కొత్త బయోస్ వచ్చింది. అది వేసి ఊరుకుంటే రక్షణ ఆగిపోయే ఉంటుంది. మనమే రిజిస్ట్రీ సెట్టింగ్ వెనక్కి తిప్పాలి. ఆపిన రోజే నోట్‌బుక్‌లో "మళ్లీ పెట్టాలి" అని ఎర్ర ఇంకుతో రాసుకున్నాను కాబట్టి మర్చిపోలేదు. మార్చిలో బయోస్ వేసి, రక్షణ పెట్టి, ఇన్‌స్పెక్టర్‌లో చూసుకుని, పది రోజులు కనిపెట్టాను. రీస్టార్ట్ కాలేదు.

అదే జనవరిలో పాత ఏఎమ్‌డీ అథ్లాన్ ప్రాసెసర్లున్న మెషిన్లు కొన్ని విండోస్ ప్యాచ్ తర్వాత బూట్ కాకుండా పోతే, మైక్రోసాఫ్ట్ వాటికి ఆ అప్‌డేట్‌ను కొన్నాళ్లు ఆపింది. మా ఊళ్లో ఆ తరం మెషిన్లు రెండు చోట్ల ఉన్నాయి. వాటికి అప్‌డేట్ అందకముందే వార్త చదివాను కాబట్టి సరైన ప్యాచ్ వచ్చేదాకా ఆపి ఉంచాను. ఆపడం తప్పని నేను అనను. ఏ కారణంతో ఆపామో, ఏ రోజు తిరిగి చూడాలో రాసుకుని ఆపడం వేరు, ఆపి వదిలేయడం వేరు.

ఫిబ్రవరి 1 ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసుకోవాల్సిన బిల్లు, మొదలవ్వాల్సిన రోజు. పొద్దున పది గంటలకు అబ్బాయి ఫోను, పోర్టల్ తెరుచుకోవట్లేదు, అప్‌డేట్ ఏమైనా పడిందా అని. సాయంత్రం వార్తల్లో వాయిదా వేసినట్టు చెప్పారు. అది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మార్చి చివరి వారం. సర్వర్‌కు రక్షణ ఉంది, ధైర్యంగా ఉండండని షావుకారు గారికి రెండు నెలలుగా చెబుతున్నాను. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఫ్రిస్క్ అనే పరిశోధకుడు బయటపెట్టిన విషయం ఏమిటంటే, 64 బిట్ విండోస్ 7కు జనవరి, ఫిబ్రవరిల్లో ఇచ్చిన మెల్ట్‌డౌన్ ప్యాచ్‌లోనే ఒక తప్పు దొర్లింది. మెమరీ చిరునామాల పట్టికలో ఒక అనుమతి గుర్తు పొరపాటున మామూలు ప్రోగ్రాములకు తెరిచి పెట్టారు. దాంతో ఏ ప్రోగ్రామ్ అయినా మెమరీ మొత్తం చదవొచ్చు, రాయొచ్చు కూడా. మెల్ట్‌డౌన్‌లో చదవడమే, అదీ నెమ్మదిగా. ఇది అంతకంటే పెద్ద కన్నం. మార్చి 29న దానికి కేబీ4100480 వచ్చింది. ఆ రాత్రే వెళ్లి వేశాను.

షావుకారు గారికి చెప్పకుండా వేసి రావచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలియదు. కానీ జనవరిలో నా మాట మీదే ఆయన ఆ రెండు సెకన్లు వదులుకున్నారు. కూర్చుని అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా గోడౌన్‌కు కొత్త తాళం వేయించినప్పుడు ఒక తాళంచెవి వడ్రంగి దగ్గరే ఉండిపోయింది. అలాంటిదేనా?" అన్నారు. అలాంటిదేనండీ అన్నాను. "మరి నెలనెలా వచ్చి చూస్తుండు" అన్నారు. కాంట్రాక్టులో మూడు నెలలకోసారి అని ఉండేది, ఆ రోజు నుంచి నెలకోసారి అయ్యింది.

జులైలో కౌంటర్ మెషిన్ మళ్లీ మొరాయించింది. ఈసారి నిజంగానే రక్షణకు సంబంధం ఉంది. క్రోమ్ 67 నుంచి ఒక్కో సైట్‌ను వేరే ప్రాసెస్‌లో పెట్టే సైట్ ఐసొలేషన్ మొదలైంది, స్పెక్టర్ నుంచి కాపాడటానికే. దానివల్ల మెమరీ 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతుందని గూగుల్ తానే చెప్పింది. 8 జీబీ ఉన్నవాడికి అది లెక్కే కాదు. 2 జీబీలో ట్యాలీ, క్రోమ్ రెండూ తెరిచి పెట్టుకునే చోట ఆ కాస్తే ఎక్కువైపోయింది. ఇంకో 2 జీబీ స్టిక్ వేశాను, తీరిపోయింది. బ్రౌజర్ పాత వెర్షన్ వేయమని కుర్రాడు అడిగాడు గానీ ఒప్పుకోలేదు.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా చాలా దెబ్బతింది, కొండ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. పర్లాకిమిడిలో కరెంటు రోజుల తరబడి లేదు. కొట్లోకి నీళ్లు రాలేదు, కంప్యూటర్లను ముందు రోజే అటక మీదకు ఎక్కించారు. కరెంటు వచ్చాక అన్నీ కలిపి చూస్తే సర్వర్ బాగుంది, కౌంటర్ బాగుంది. అబ్బాయి మెషిన్ మాత్రం రోజుకు మూడుసార్లు రీస్టార్ట్.

"మళ్లీ ఆ ప్యాచే అన్నయ్యా" అన్నాడు అబ్బాయి. ఆ మెషిన్ చరిత్ర తెలిసినవాడు కదా, వాడి అనుమానానికి ఆధారం ఉంది. నేను కూడా ముందు అటే ఆలోచించాను. జనవరి తర్వాత మూడు మెషిన్లకూ ఒక నోట్‌బుక్ పెట్టాం. ఏ తేదీన ఏ అప్‌డేట్, ఏ బయోస్, ఏ భాగం మార్చామో అందులో రాస్తాం, గుమస్తా గారి గదిలో మేకుకు వేలాడుతుంది. తీసి చూస్తే ఆ మెషిన్‌కు చివరి అప్‌డేట్ సెప్టెంబరు నెలది, దాని తర్వాత మూడు వారాలు ఏ రీస్టార్టూ లేకుండా నడిచింది. కరెంటు పోయిన తర్వాతే మొదలైంది. మెషిన్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ విప్పితే ఒక కెపాసిటర్ ఉబ్బి ఉంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసి సాయంత్రం దాకా కూర్చున్నాను, ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు.

నేను సామాను సర్దుకుంటుంటే గుమస్తా గారు నోట్‌బుక్ తీసుకుని తానే రాశారు: "18-10-2018. ఎస్‌ఎంపీఎస్ మార్చారు. అప్‌డేట్ ఏదీ వేయలేదు."